హోమ్ పార్టిషన్ తగ్గించాక మౌంట్ కావడం లేదు. ఈ ప్రశ్నకు వై నొక్కాలా, ఎన్ నొక్కాలా?

రాత్రిపక్షి (ప్రశ్న)

ఫోన్‌లోంచి రాస్తున్నాను. ల్యాప్‌టాప్ తెర మీద ఒక ప్రశ్న అరగంటగా అలాగే నిలబడి ఉంది, ఏది నొక్కాలో తెలియక చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది కాబట్టి కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నా, సర్దుకోండి.

డిస్క్ 512 జీబీ ఎస్ఎస్‌డీ, జీపీటీ పట్టిక (ఏ పార్టిషన్, అంటే డిస్క్‌లోని ఏ భాగం, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉండే చిట్టా). మొదటి పార్టిషన్ ఈఎఫ్ఐ (బూట్ కావడానికి), 512 ఎంఐబీ. రెండోది రూట్ (సిస్టమ్ ఉండేది), 80 జీఐబీ. మూడోది హోమ్ (నా ఫైళ్ళుండేది), మిగిలిందంతా, అంటే 396 జీఐబీ చిల్లర. రూట్, హోమ్ రెండింటి ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళు ఎక్కడున్నాయో చూసుకునే అమరిక) ఈఎక్స్‌టీ4. పక్కన ఇంకో లినక్స్ వేసి చూద్దామని హోమ్‌ను 300 జీఐబీకి తగ్గించి, డిస్క్ చివర కొంత చోటు ఖాళీ చేద్దామనుకున్నాను.

తగ్గించేటప్పుడు ముందు ఫైల్‌సిస్టమ్, తర్వాత పార్టిషన్. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్‌సిస్టమ్. ఈ వరస నాకు బాగానే తెలుసు, తెలుసన్న ధీమాతోనే దిగాను. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేశాను. హోమ్ మౌంట్ అయి (వాడుకకు తెరుచుకుని) లేదని చూసుకున్నాను. ఫైల్‌సిస్టమ్‌ను పరీక్షించే ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ నడిపితే శుభ్రంగా ఉందంది. తర్వాత ఫైల్‌సిస్టమ్ సైజు మార్చే రీసైజ్2ఎఫ్ఎస్‌కు 300జీ అని ఇచ్చాను. కాసేపు పనిచేసి, ఇప్పుడు ఫైల్‌సిస్టమ్ 7,86,43,200 బ్లాకులు అని చెప్పి ముగించింది. ఆ తర్వాత పార్టిషన్లు మార్చే పార్టెడ్ తెరిచి, రీసైజ్‌పార్ట్ 3 300జీబీ అన్నాను. పార్టిషన్ చిన్నది చేస్తే డేటా పోవచ్చు, సరేనా అని అడిగింది. ఫైల్‌సిస్టమ్ ముందే తగ్గించాను కదా, ఇంకేం భయం అని యెస్ అన్నాను.

ఇప్పుడు హోమ్ మౌంట్ కావడం లేదు. మళ్ళీ ఈ2ఎఫ్ఎస్‌సీకే నడిపితే చెబుతున్నది ఇదీ: సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ తన సైజు రాసుకునే చోటు) లెక్క ప్రకారం ఫైల్‌సిస్టమ్ 7,86,43,200 బ్లాకులు, కానీ డివైస్ అసలు సైజు 5,21,39,339 బ్లాకులేనట. సూపర్‌బ్లాకో పార్టిషన్ పట్టికో చెడిపోయి ఉండవచ్చు అని, చివర్లో "ఎబార్ట్?" అని అడిగి, వై కోసం ఎదురుచూస్తోంది.

ఏడేళ్ల ఫొటోలు అందులో ఉన్నాయి. బ్యాకప్ ఉందా అని అడుగుతారు. ఉంది, రెండేళ్ల కిందటిది. తిట్లు తర్వాత తినడానికి సిద్ధం. ముందు వై నొక్కాలా, ఎన్ నొక్కాలా చెప్పండి.

టెర్మినల్_ప్రియ

టెన్షన్ పడకండి. ఎన్ నొక్కండి. ఎబార్ట్ అంటే ఆపేయడం కదా, ఆపేస్తే రిపేర్ ఎలా అవుతుంది? ముందుకు వెళ్ళనిస్తే అదే సరిచేసుకుంటుంది. నాకు చాలాసార్లు అలాగే సరైంది.

పాతడిస్కు

రాత్రిపక్షి గారూ, ఎన్ నొక్కకండి. ముందు ఇది చదవండి.

ప్రియ గారూ, మామూలుగా మీరన్నది నిజమే. కరెంటు పోయి ఫైల్‌సిస్టమ్ కాస్త గందరగోళమైతే ఈ2ఎఫ్ఎస్‌సీకేని పని చేసుకోనివ్వాలి. ఇక్కడ గందరగోళమైంది ఫైల్‌సిస్టమ్ కాదు, దాని చుట్టూ ఉన్న గోడ, అంటే పార్టిషన్ సరిహద్దు. ఇప్పుడు ఎన్ అంటే, గోడ అవతల పడిపోయిన బ్లాకులను చదవలేక వాటిని పాడైపోయిన వాటికిందే జమకట్టి, ఆ బ్లాకులున్న ఫైళ్ళను "సరిదిద్దడం" మొదలుపెడుతుంది. అంటే బాగున్న ఫైల్‌సిస్టమ్‌ను తప్పుడు గోడకు సరిపోయేలా కత్తిరించడమే. ఈ ఒక్క ప్రశ్న దగ్గర అలవాటు తిరగబడుతుంది: వై అంటే ఏమీ ముట్టుకోకుండా ఆగిపో అని.

వై నొక్కి, బయటికి వచ్చి, ఈ మూడింటికి జవాబు చెప్పండి. ఖాళీ అయిన చోట కొత్త పార్టిషన్ ఏమైనా చేశారా, ముఖ్యంగా ఫార్మాట్ చేశారా? రీసైజ్2ఎఫ్ఎస్ ఎర్రర్ లేకుండా పూర్తయిందా? మొదలుపెట్టే ముందు పార్టిషన్ అంకెలు ఎక్కడైనా రాసుకున్నారా?

రాత్రిపక్షి

వై నొక్కాను. ఆగిపోయింది.

కొత్త పార్టిషన్ చెయ్యలేదు, ఫార్మాట్ అసలే లేదు. ముందు హోమ్ తెరుచుకుంటుందో లేదో చూద్దామని ఆగాను. రీసైజ్2ఎఫ్ఎస్ ఎర్రర్ ఏమీ ఇవ్వలేదు. అంకెలు రాసుకోలేదు గానీ, ఎందుకో పార్టిషన్ల జాబితా చూపే ఎఫ్‌డిస్క్ -ఎల్ కొట్టినప్పుడు తెరకు ఫోన్‌తో ఒక ఫొటో తీశాను. అందులో మూడో పార్టిషన్ మొదలు 168822784, చివర 1000214527 అని ఉంది.

పాతడిస్కు

ఆ ఫొటో తీసిన చేతికి దండం పెట్టాలి. మీ డేటా డిస్క్ మీద ఎక్కడిదక్కడే ఉంది. పార్టెడ్ మార్చింది పట్టికలోని ఒక అంకెను మాత్రమే. జీపీటీ పట్టిక డిస్క్ మొదట్లో ఉండే 34 సెక్టార్లలో (512 బైట్ల ముక్కల్లో) ఉంటుంది, దాని నకలు చివరి 33 సెక్టార్లలో. మధ్యలో ఉన్న మీ ఫొటోల జోలికి అది వెళ్ళలేదు.

ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ ఈఎక్స్‌టీ4 తయారుచేసే ముందు, ఎస్ఎస్‌డీ అయితే, ఆ చోటంతా ఇక అక్కర్లేదని డిస్క్‌కు చెప్పేస్తుంది. ఆ తర్వాత ఆ బ్లాకుల్లోంచి పాత డేటా తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోలేం.

ఇప్పుడు చెయ్యాల్సింది గోడను ఉన్న చోటికి జరపడం. పార్టెడ్ తెరిచి, ముందు యూనిట్ ఎస్ అనండి. ఇక అన్నీ సెక్టార్లలోనే కనిపిస్తాయి. ప్రింట్ ఫ్రీ అని కొట్టి, మూడో పార్టిషన్ మొదలు 168822784 అనే ఉందో లేదో కళ్ళతో చూడండి. మొదలు మారి ఉంటే ఆగి నాకు చెప్పండి. మారకపోతే రీసైజ్‌పార్ట్ 3, పక్కన 1000214527ఎస్. చివరి ఎస్ మరిచిపోవద్దు. ఫైల్‌సిస్టమ్ కన్నా పార్టిషన్ పెద్దదైతే నష్టమేమీ లేదు, మిగతా చోటు ఊరికే పడి ఉంటుంది.

తర్వాత ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్. ఆ -ఎన్ ముఖ్యం, ఏమీ రాయకుండా చూసి చెప్పమని దానర్థం. ఐదు దశలూ ఫిర్యాదు లేకుండా దాటితే, చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. ఆ స్థితిలోనే ఫొటోలు వేరే డిస్క్‌కు కాపీ చేయండి. అది అయ్యేదాకా మళ్ళీ సైజుల మాట ఎత్తవద్దు.

టెర్మినల్_ప్రియ

ఒప్పుకుంటున్నాను, నా సలహా ప్రమాదం తెచ్చేది. కానీ ఒకటి అర్థం కావడం లేదు. 300 అని రెండు చోట్లా ఒకటే ఇచ్చారు కదా. జీఐబీకి, జీబీకి తేడా ఉంటుందని తెలుసు, కానీ అది ఇంత ఉండదు. 7.86 కోట్లు ఎక్కడ, 5.21 కోట్లు ఎక్కడ?

పాతడిస్కు

మంచి ప్రశ్న. ఒక తప్పు వెనక ఇంకొకటి దాక్కుంది.

మొదటిది మీరన్నదే. రీసైజ్2ఎఫ్ఎస్‌కు 300జీ అంటే 300 జీఐబీ, ఒక్కొక్కటి 1,07,37,41,824 బైట్లు. పార్టెడ్‌లో జీబీ అంటే అచ్చంగా వంద కోట్ల బైట్లు. ఆ లెక్కన 300 జీబీ అంటే 279.4 జీఐబీ. ఇక్కడే 20.6 జీఐబీ కోత పడింది. 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఈ తికమక పోవాలనే రెండు లెక్కలకూ వేరు వేరు పేర్లు పెట్టింది. పేర్లు వచ్చాయి, తికమక మాత్రం ఉన్నచోటే ఉంది. డిస్కుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే జీ అని చూపిస్తుంది, అది జీఐబీ. ఖాళీ చోటు చూపే డీఎఫ్‌కు చిన్న హెచ్ ఇస్తే ఒక లెక్క, పెద్ద హెచ్ ఇస్తే ఇంకో లెక్క. డిస్క్ డబ్బా మీద రాసేది వంద కోట్ల లెక్క. నా కోపం నాది, వదిలేయండి.

రెండోది పెద్దది. రీసైజ్‌పార్ట్ అడిగేది పార్టిషన్ సైజు కాదు, డిస్క్ మీద అది ఎక్కడ ముగియాలో ఆ చోటు. డిస్క్ మొదటి నుంచి కొలిచి 300 జీబీ దగ్గర గోడ కట్టమని రాత్రిపక్షి గారు చెప్పినట్టయింది. కానీ హోమ్ మొదలయ్యేదే 80.5 జీఐబీ దాటాక. ఈఎఫ్ఐ, రూట్ ముందు కూర్చున్నాయి కదా. 279.4లోంచి 80.5 తీసేస్తే 198.9. నాలుగు కేబీ బ్లాకుల్లో అది 5.21 కోట్లు. సరిపోయిందా?

హోమ్ ఒక్కటే డిస్క్ మొదట్లో ఉండి ఉంటే రెండో తప్పు దొరికేది కాదు. చాలామందికి మొదటిసారి అందుకే బాగా జరుగుతుంది, రెండోసారి దెబ్బ తగులుతుంది. నాకు తగిలింది అలాగే. నేను ఫొటో కూడా తీయలేదు. డిస్క్ చివరిదాకా ఖాళీయే కాబట్టి 100% అని ఇచ్చి బయటపడ్డాను. పక్కన ఇంకో పార్టిషన్ ఉండి ఉంటే ఆ దారి కూడా ఉండేది కాదు.

మౌస్‌తో_చాలు

ఇంత చదివాక నాకొకటే అనిపిస్తోంది. మౌస్‌తో పనిచేసే జీపార్టెడ్ ఎందుకు వాడలేదు? కుడి అంచు పట్టుకుని లాగితే సరిపోయేది. లోపల అది నడిపేదీ ఇదే ఈ2ఎఫ్ఎస్‌సీకే, ఇదే రీసైజ్2ఎఫ్ఎస్, పార్టెడ్ వెనకున్న అదే లైబ్రరీ. కాకపోతే వరస, లెక్క అది చూసుకుంటుంది. సైజులు ఎంఐబీల్లో చూపిస్తుంది, ముగింపు చోటు అంటూ మనల్ని అడగదు. టెర్మినల్‌లో చేస్తేనే వచ్చినట్టని ఎవరో మనకు నూరిపోశారు.

అయితే కుడి అంచే. ఎడమ అంచు జోలికి మాత్రం పోవద్దు. ఎడమ అంచు జరిపితే ఫైల్‌సిస్టమ్ మొదలే మారాలి కాబట్టి ఉన్న డేటా అంతా ఒక చోటి నుంచి ఇంకో చోటికి బ్లాకు బ్లాకుగా మోయాలి. నేను ఒకసారి పాత హార్డ్‌డిస్క్ మీద అది మొదలుపెట్టి నిద్రపోయాను. ఛార్జర్ పిన్ను వదులుగా ఉందని తెల్లవారాక తెలిసింది. బ్యాటరీ అయిపోయి మధ్యలో ఆగింది. సగం డేటా పాత చోట, సగం కొత్త చోట. ఆ డిస్క్‌ను మళ్ళీ మొదటి నుంచి ఫార్మాట్ చేసుకున్నాను.

పాతడిస్కు

మౌస్‌తో_చాలు గారితో పేచీ లేదు. ఇంట్లో కంప్యూటర్‌కు నేనూ జీపార్టెడ్డే చెబుతాను. పార్టిషన్ పక్కన తాళం బొమ్మ కనిపిస్తే అది వాడుకలో ఉందని, లైవ్ యూఎస్‌బీలో కూడా స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) దానంతటదే ఆన్ అయి ఉండవచ్చని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. స్వాప్‌ఆఫ్ చేస్తే తాళం పోతుంది.

టెర్మినల్‌లోనే చెయ్యాల్సి వస్తే (సర్వర్లకు మౌస్ ఎక్కడిది?) నేను చేసే పద్ధతి ఇదీ. ఫైల్‌సిస్టమ్‌ను కావలసిన దానికన్నా కాస్త ఎక్కువే తగ్గిస్తాను. 300 కావాలంటే 290కి. తర్వాత పార్టిషన్‌ను 300కి. చివర్లో రీసైజ్2ఎఫ్ఎస్‌కు సైజేమీ ఇవ్వకుండా నడిపితే అదే పార్టిషన్ నిండా పెరుగుతుంది. మధ్యలో ఉన్న ఆ పది జీఐబీల వెసులుబాటు నా కూడికల్లోని చిన్న తప్పులను మింగేస్తుంది. ఎంతకు తగ్గించవచ్చో ముందే చూడాలంటే రీసైజ్2ఎఫ్ఎస్‌కు పెద్ద పీ ఇస్తే, కనీసం ఎంత కావాలో ఒక అంచనా చెబుతుంది.

అన్నిటికన్నా ముందు, ఎస్ఎఫ్‌డిస్క్ -డీ కొట్టి పార్టిషన్ పట్టికను ఒక ఫైల్‌లోకి, ఆ ఫైల్‌ను ఇంకో యూఎస్‌బీలోకి. పది పన్నెండు లైన్లకు మించదు. పట్టిక పాడైతే అదే ఫైల్‌ను ఎస్ఎఫ్‌డిస్క్‌కు తిరిగి తినిపించవచ్చు. తగ్గిస్తున్న డిస్క్ మీదే ఆ ఫైల్ దాచుకున్నవాళ్ళను కూడా చూశాను.

కొత్తవాణ్ణి_అడుగుతున్నా

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది విండోస్ పక్కన లినక్స్. సీ డ్రైవ్ తగ్గించాలి. సగం పైగా ఖాళీ ఉంది, కానీ విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ చాలా కొంచెమే తగ్గించగలనంటోంది. లినక్స్‌లోంచి చేసేయనా? ఆఫీసు కంప్యూటర్‌లో లినక్స్ పార్టిషన్ ఎక్స్ఎఫ్ఎస్ (ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) అని ఉంది, అదీ ఇలాగే తగ్గుతుందా?

పాతడిస్కు

సీ డ్రైవ్‌ను విండోస్‌తోనే తగ్గించండి. కొంచెమే అనడానికి కారణం, దాన్ని వాడుతూ ఉండగా జరపలేని ఫైళ్ళు మధ్యలో ఎక్కడో కూర్చుని ఉండటం. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. అడ్మిన్ టెర్మినల్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అంటే హైబర్నేషన్‌తో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేశామనుకున్న విండోస్ నిజానికి సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో లినక్స్ నుంచి ఎన్‌టీఎఫ్ఎస్‌ను (విండోస్ ఫైల్‌సిస్టమ్‌ను) ముట్టుకోకూడదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకుని సస్పెండ్ చేశాకే మిగతా పని.

ఎక్స్ఎఫ్ఎస్ పెరుగుతుంది, అదీ మౌంట్ అయి ఉండగానే. తగ్గించడం మాత్రం ఆచరణలో లేదనే అనుకోండి. డేటా వేరే చోటికి తీసి, చిన్నగా కొత్తది చేసి, తిరిగి పెట్టాలి. పైగా మీరే ఆఫీసు కంప్యూటర్ అన్నారు. దాని సంగతి ఆఫీసులో చూసేవాళ్ళకు వదిలేయండి.

రాత్రిపక్షి

వచ్చేశాయి. అన్నీ.

రాత్రి మీరు చెప్పినట్టే యూనిట్ ఎస్ అని చూస్తే మొదలు 168822784 అనే ఉంది. చివర అంకెను ఫోన్ ఫొటోలోంచి ఒక్కొక్కటిగా చదివి కొట్టాను, మూడుసార్లు సరిచూసుకున్నాను, ఎంటర్ మీద వేలు పెట్టి ఇంకోసారి చూశాను. ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్ ఒకటో దశ చాలాసేపు తీసుకుంది, నాకు అలా అనిపించిందేమో. ఐదూ దాటింది, ఒక్క ఫిర్యాదు లేదు. చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ముందు పాత ఫొటోల ఫోల్డర్ తెరిచాను. చివరి ఫొటో దాకా జరుపుతూ పోయాను. ఆ తర్వాతే కాపీ పెట్టి పడుకున్నాను. ఛార్జర్ పిన్ను రెండుసార్లు నొక్కి చూసి మరీ.

పొద్దున కాపీ పూర్తయింది, నాలుగైదు ఫోల్డర్లు ఆ డిస్క్ నుంచే తెరిచి చూశాను. అప్పుడు కాగితం పెన్ను తీసుకున్నాను. ఒక జీఐబీకి 512 బైట్ల సెక్టార్లు 20,97,152. 300తో గుణిస్తే 62,91,45,600. దానికి మొదలు 16,88,22,784 కలిపి ఒకటి తీసేస్తే 79,79,68,383. ఆ ఒకటి ఎందుకో మొదట తట్టలేదు; మొదలు సెక్టార్ కూడా లెక్కలోకి వస్తుంది కదా. ఎస్ఎఫ్‌డిస్క్ పట్టిక యూఎస్‌బీలో దాచాను. రీసైజ్‌పార్ట్ 3 797968383ఎస్ అన్నాను. మళ్ళీ అదే హెచ్చరిక, డేటా పోవచ్చు, సరేనా అని. ఈసారి యెస్ కొట్టడానికి చాలాసేపు పట్టింది.

పాతడిస్కు గారి పది జీఐబీల వెసులుబాటు నేను వాడలేదు, ఫైల్‌సిస్టమ్ అప్పటికే సరిగ్గా 300 ఉంది కాబట్టి. లెక్క ఒక్క సెక్టార్ తగ్గినా మళ్ళీ అదే ఎబార్ట్ ప్రశ్న వస్తుందని తెలుసు. ఈ2ఎఫ్ఎస్‌సీకే ఏమీ అడగలేదు. చివరగా సైజు ఇవ్వకుండా రీసైజ్2ఎఫ్ఎస్ నడిపాను. ఫైల్‌సిస్టమ్ ఇప్పటికే 7,86,43,200 బ్లాకులు ఉంది, చెయ్యడానికి ఏమీ లేదు అంది.

చివర 96.4 జీఐబీ ఖాళీగా ఉంది. కొత్త లినక్స్ వచ్చే వారం వేస్తాను.